మైక్రోవేవ్ లింక్ సిగ్నల్‌ను రోజూ గమనించడం ఎలా?

“లింక్ అప్‌లోనే ఉంది, అలారం ఒక్కటీ లేదు, అయినా సైట్ కింద డేటా నడవడం లేదని కంప్లైంట్లు వస్తున్నాయి. ఏం చూడాలి?” ట్రాన్స్‌మిషన్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరచిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

టవర్ మీద డోలులా కనిపించే గుండ్రటి యాంటెన్నాల సంగతి ఇది. ఫైబర్ చేరని ఊళ్లలోనూ, రోడ్డు తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగే చోట్లా బేస్ స్టేషన్ కాల్స్, డేటా అన్నీ ఆ యాంటెన్నా మీదుగానే పక్క టవర్‌కు వెళ్తాయి. ఆ ఒక్క హాప్ (ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు ఉన్న లింక్) బలహీనపడితే దాని వెనక గొలుసుగా ఉన్న సైట్లన్నిటికీ దెబ్బే. లింక్ అప్‌లో ఉండటం వేరు, బాగుండటం వేరు. ఆ తేడా ఎలా కనిపెట్టాలో చూద్దాం.

ఉదాహరణకు ఒకే లింక్‌ను చివరిదాకా వాడతాను: 15 గిగాహెర్ట్జ్, 8 కిలోమీటర్లు, రెండు వైపులా 0.6 మీటర్ల యాంటెన్నాలు, 28 మెగాహెర్ట్జ్ చానల్, 256 క్వామ్ మాడ్యులేషన్ (డేటాను సిగ్నల్ మీదకు ఎక్కించే పద్ధతి). మీ లింక్ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- ఆ లింక్ ప్లానింగ్ రిపోర్ట్. దొరకకపోతే కనీసం దూరం, ఫ్రీక్వెన్సీ, యాంటెన్నా సైజు, ట్రాన్స్‌మిట్ పవర్.
- కమిషనింగ్ రోజు, అంటే లింక్‌ను మొదట నడిపించిన రోజు, రాసిన రీడింగులు.
- రేడియో డేటాషీట్. ఏ మాడ్యులేషన్‌కు ఎంత సిగ్నల్ కావాలో ఉండే పట్టిక అందులోనే ఉంటుంది.
- రెండు వైపుల రేడియోలకూ లాగిన్. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్ చాలు, అదే క్షేమం కూడా.
- కంపెనీ ఎన్‌ఎంఎస్ (లింకులన్నిటినీ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్). లేకపోతే లిబ్రేఎన్‌ఎంఎస్, జాబిక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్. నాలుగైదు లింకులే అయితే ఒక ఎక్సెల్ షీట్ సరిపోతుంది.
- దగ్గరలోని వాన లెక్కలు. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల వారీగా వర్షపాతం చూపిస్తాయి.

1. ఉండాల్సిన అంకె ముందు మీరే కట్టుకోండి

అవతలి సైట్ నుంచి మనకు అందే సిగ్నల్ బలాన్ని ఆర్‌ఎస్‌ఎల్ అంటాం. దాన్ని డీబీఎంలో కొలుస్తాం, ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. -40 బలమైనది, -60 బలహీనమైనది. కొత్తవాళ్లు ఇక్కడ తరచూ తడబడతారు కాబట్టి ముందే చెబుతున్నాను. 3 డీబీ తగ్గితే సిగ్నల్ సగమైనట్టు, 10 డీబీ తగ్గితే పదో వంతైనట్టు.

దారిలో పోయే నష్టం కట్టడానికి సూత్రం ఇది: 92.45 + 20 లాగ్ (కిలోమీటర్లు) + 20 లాగ్ (గిగాహెర్ట్జ్). మన లింక్‌కు 92.45 + 18.06 + 23.52, అంటే 134 డీబీ. ట్రాన్స్‌మిట్ పవర్ 18 డీబీఎం, ఒక్కో యాంటెన్నా గెయిన్ 37 అనుకుంటే 18 + 37 + 37 - 134 = -42 డీబీఎం.

ఎండ కాసే రోజు రేడియోలో -42 దగ్గర కనిపించాలి. రెండు మూడు డీబీల తేడాకు కంగారు పడక్కర్లేదు. 20 డీబీ తేడా ఉంటే మాత్రం అస్సలు వదలకండి. యాంటెన్నా అసలు కిరణం మీద కాకుండా పక్క కిరణం మీద, అంటే సైడ్ లోబ్ మీద అలైన్ అయి ఉండవచ్చు. లేదంటే ఒక వైపు వర్టికల్ (నిలువు), ఇంకో వైపు హారిజాంటల్ (అడ్డం) పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిశ, పొరపాటున పెట్టి ఉండవచ్చు.

నాకు బాగా బాధ కలిగించే తప్పు ఇదే. డేటాషీట్‌లో 256 క్వామ్‌కు కనీసం -67 కావాలని ఉందనుకుందాం. సైడ్ లోబ్ మీద అలైన్ చేసిన లింక్‌కు -62 వస్తుంది. లింక్ 256 క్వామ్‌లోనే అప్ అవుతుంది, అలారం రాదు, సైట్ ఆన్-ఎయిర్ అయిపోతుంది. కానీ చేతిలో 25 డీబీ మార్జిన్ (కావాల్సిన కనీసానికి పైన మిగులు) ఉండాల్సిన చోట 5 డీబీ మాత్రమే ఉంది. తొలకరి వానకే అది పడిపోతుంది. అప్పుడు అందరూ వాననే తప్పు పడతారు.

2. గడియారాలు సరిచేయండి

చిన్న పనే, కానీ ఇది చేయకపోతే తర్వాతి అడుగులన్నీ వృథా. రెండు రేడియోలూ, ఎన్‌ఎంఎస్ సర్వరూ ఒకే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతి) టైమ్‌లో ఉండాలి. చాలా రేడియోలు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) లాగ్ రాస్తాయి, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. సాయంత్రం 4 గంటల వాన లాగ్‌లో ఉదయం 10:30కు కనిపిస్తే, “ఎండలో ఫేడ్ అయింది (సిగ్నల్ పడిపోయింది), రేడియో మార్చాలి” అనే తప్పుడు తీర్పుకు వస్తారు.

3. రెండు వైపులా నాలుగు అంకెలు చదవండి

ఆర్‌ఎస్‌ఎల్: ఒకటో అడుగులో చూశాం.

ఎంఎస్‌ఈ లేదా ఎస్‌ఎన్‌ఆర్: వచ్చిన సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది. ఎంఎస్‌ఈ మైనస్‌లో ఉంటుంది, మైనస్ ఎంత పెద్దదైతే అంత మంచిది. ఎస్‌ఎన్‌ఆర్ ప్లస్‌లో ఉంటుంది, పెద్దదైతే మంచిది. మీ రేడియో ఏది చూపిస్తోందో ముందు తెలుసుకోండి.

ప్రస్తుత మాడ్యులేషన్: రెండు వైపులదీ విడివిడిగా రాయండి. మొదట్లో చెప్పిన కంప్లైంట్‌కు చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. అడాప్టివ్ మాడ్యులేషన్ ఉన్న రేడియో సిగ్నల్ తగ్గగానే లింక్ తెగకుండా కింది మాడ్యులేషన్‌కు దిగుతుంది. 256 క్వామ్‌లో ఒక్కో సింబల్ 8 బిట్లు మోస్తే కింది మెట్టైన క్యూపీఎస్‌కేలో 2 మాత్రమే. అంటే లింక్ అప్‌లో ఉండగానే కెపాసిటీ నాలుగో వంతుకు పడిపోతుంది. ఎన్‌ఎంఎస్‌లో ఆకుపచ్చ రంగు మారదు.

ట్రాన్స్‌మిట్ పవర్: దీన్ని చాలామంది చూడరు. ఏటీపీసీ (పవర్‌ను దానంతటదే సర్దే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇక్కడి ఆర్‌ఎస్‌ఎల్ తగ్గగానే అవతలి రేడియో పవర్ పెంచుతుంది. అందుకే ఆర్‌ఎస్‌ఎల్ గ్రాఫ్ నిలకడగా కనిపిస్తుంది, యాంటెన్నా మాత్రం నెమ్మదిగా పక్కకు తిరిగిపోతూ ఉంటుంది. ఏటీపీసీ ఉన్న లింక్‌లో ఆర్‌ఎస్‌ఎల్ పక్కనే అవతలి సైట్ పవర్ కూడా రాయకపోతే ఆ గ్రాఫ్‌ను నమ్మకండి.

4. పదిహేను నిమిషాల లెక్కలు తీయండి

ఆ క్షణంలో కనిపించే రీడింగ్ ఒక ఫొటో లాంటిది. రాత్రి ఏం జరిగిందో అది చెప్పదు. రేడియోలో పర్ఫార్మెన్స్ మానిటరింగ్ పేజీ తెరిస్తే 15 నిమిషాల పట్టిక, 24 గంటల పట్టిక ఉంటాయి. రోజుకు 96 వరుసలు. వాటిలో చూడాల్సినవి:

- కనిష్ఠ, గరిష్ఠ ఆర్‌ఎస్‌ఎల్. సగటు ఒక్కటే చూస్తే ఫేడ్‌లు కనిపించవు.
- ఈఎస్: తప్పు వచ్చిన సెకన్లు.
- ఎస్‌ఈఎస్: బాగా తప్పులు వచ్చిన సెకన్లు, అంటే ఆ సెకనులో 30 శాతం లేదా అంతకు మించి బ్లాకులు చెడిపోయినవి.
- యూఏఎస్: వరుసగా 10 సెకన్లు ఎస్‌ఈఎస్‌లో ఉంటే లింక్ అందుబాటులో లేనట్టు లెక్క, ఆ 10 సెకన్లతో సహా ఇవి పోగవుతాయి.
- ఏ మాడ్యులేషన్‌లో ఎన్ని సెకన్లు గడిచాయో.

యూఏఎస్ ఎంత వరకు ఒప్పుకోవచ్చని అడుగుతుంటారు. డిజైన్ లక్ష్యం 99.99 శాతమైతే ఏడాదికి దాదాపు 53 నిమిషాలు, 99.999 అయితే 5 నిమిషాల పైచిలుకు. ఒక్క వానాకాలం సాయంత్రంలోనే అంతా ఖర్చైపోతే డిజైన్‌ను మళ్లీ చూడాల్సిందే.

5. పోలింగ్ పెట్టండి, కానీ అంకెలను సరిచూశాకే నమ్మండి

ఎన్‌ఎంఎస్ ఐదు నిమిషాలకోసారి ఎస్‌ఎన్‌ఎంపీతో (పరికరాలను అడిగి అంకెలు తెచ్చే పద్ధతి) రీడింగ్ తీసుకుంటే రోజుకు 288 ఫొటోలు వస్తాయి. మధ్యలో 40 సెకన్ల ఫేడ్ వచ్చి పోతే ఒక్కదాంట్లోనూ పడదు. కాబట్టి పోలింగ్‌తో పాటు నాలుగో అడుగులోని 15 నిమిషాల కనిష్ఠ విలువలు కూడా లాగండి.

మొదటిసారి పెట్టినప్పుడు ఈ రెండూ తప్పకుండా చూడండి. కొన్ని రేడియోలు ఆర్‌ఎస్‌ఎల్‌ను పదితో గుణించి పంపుతాయి. గ్రాఫ్‌లో -423 కనిపిస్తే అది -42.3. రేడియో వెబ్ పేజీ, గ్రాఫ్ రెండూ పక్కపక్కన తెరిచి ఒకే అంకె వస్తోందో లేదో పోల్చండి. రెండోది, ట్రాఫిక్‌కు 64 బిట్ల కౌంటర్ వాడండి. 400 ఎంబీపీఎస్ నడిచే లింక్‌లో 32 బిట్ల కౌంటర్ 86 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఐదు నిమిషాలకు అది మూడుసార్లు తిరిగిపోతుంది, మీ గ్రాఫ్ మాత్రం ట్రాఫిక్‌ను చాలా తక్కువగా చూపిస్తుంది.

6. బేస్‌లైన్ పట్టండి, ఆ తర్వాతే అలర్ట్

వాన లేని రెండు వారాల రీడింగులు తీసి, పగటి వేళ సాధారణంగా ఉండే ఆర్‌ఎస్‌ఎల్, ఎంఎస్‌ఈ రాసుకోండి. అదే ఆ లింక్ బేస్‌లైన్. అన్ని లింకులకూ కలిపి “-60 కంటే తగ్గితే అలర్ట్” అని పెట్టకండి. -35 లో ఉండాల్సిన లింక్ -55కు పడినా ఆ అలర్ట్ మోగదు. నేను పెట్టేవి ఇవి:

- పొడి వాతావరణంలో గంటకు పైగా బేస్‌లైన్ కంటే 3 డీబీ తక్కువ: హెచ్చరిక.
- 10 డీబీ తక్కువ: వెంటనే చూడాలి.
- పొడి వాతావరణంలో మాడ్యులేషన్ ఒక్క మెట్టు దిగినా: హెచ్చరిక.
- రెండు వైపుల ఆర్‌ఎస్‌ఎల్ మధ్య 3 డీబీకి మించి తేడా, పవర్లు సమానంగా ఉండగా: హెచ్చరిక.

7. ఆర్‌ఎస్‌ఎల్, ఎంఎస్‌ఈ కలిపి చదవండి

అసలు పనితనం ఇక్కడే ఉంది, కాస్త నెమ్మదిగా చదవండి.

రెండు వైపులా ఆర్‌ఎస్‌ఎల్ సమానంగా తగ్గింది. తప్పు దారిలోనో యాంటెన్నాలోనో ఉంది, ఎందుకంటే వెళ్లే, వచ్చే సిగ్నల్ రెండిటిదీ ఒకే దారి. గాలివాన తర్వాత ఒక్కసారిగా తగ్గి మళ్లీ పెరగకపోతే అలైన్‌మెంట్ కదిలింది. 15 గిగాహెర్ట్జ్‌లో 0.6 మీటర్ల యాంటెన్నా కిరణం వెడల్పు రెండు డిగ్రీల పైచిలుకే, ఒక డిగ్రీ తిరిగితే దాదాపు సగం సిగ్నల్ పోతుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ లాంటి తుఫాను తర్వాత, కరెంటు వచ్చి లింక్ అప్ అయిందని వదిలేయకుండా ప్రతి హాప్ ఆర్‌ఎస్‌ఎల్‌ను పాత బేస్‌లైన్‌తో పోల్చాలి.

నెలల తరబడి మెల్లగా తగ్గుతోంది. దారికి ఏదో అడ్డం పెరుగుతోంది. మన లింక్ మధ్యలో కిరణం చుట్టూ దాదాపు 4 మీటర్ల ఖాళీ కావాలి. కోస్తాలో సరుగుడు, జామాయిల్ తోటలు, హైదరాబాద్ పడమటి వైపు కొత్త అంతస్తులు ఈ ఖాళీని తినేస్తాయి. తోట కొట్టేశాక సిగ్నల్ మళ్లీ పెరిగిన లింకులను చూశాను.

ఒక వైపే తగ్గింది. దారి బాగానే ఉంది. అవతలి ట్రాన్స్‌మిటర్ బలహీనమైంది లేదా ఇవతలి రిసీవర్ పాడైంది.

వాన పడేటప్పుడు తగ్గి, ఆగగానే పెరుగుతోంది. ఇది సహజం. గంటకు 100 మిల్లీమీటర్ల లెక్కన కురిసే కుండపోతలో 15 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కిలోమీటరుకు వర్టికల్‌లో సుమారు 6, హారిజాంటల్‌లో సుమారు 8 డీబీ కోల్పోతుంది. 23 గిగాహెర్ట్జ్‌లో 14 దాకా, 80 గిగాహెర్ట్జ్‌లో 30 దాటి. దారి పొడవునా ఒకే జోరుగా పడదు కాబట్టి మొత్తం 8 కిలోమీటర్లతో గుణించకండి. మూడు కిలోమీటర్ల మేర పడితే మన లింక్‌కు 20 డీబీ పోతుంది, మార్జిన్ 25 కాబట్టి తట్టుకుంటుంది. తట్టుకోలేని లింకులకు వర్టికల్ పోలరైజేషన్, పెద్ద యాంటెన్నా, తక్కువ ఫ్రీక్వెన్సీ, హాప్‌ను రెండుగా విడగొట్టడం దారులు.

వాన ఆగినా ఎర్రర్లు ఆగలేదు, మధ్యాహ్నం ఎండకు తగ్గాయి. కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఓడీయూ (టవర్ మీది పెట్టె), ఐడీయూ (కింద గదిలోని పెట్టె) విడిగా ఉండే రేడియోల్లో ఆర్‌ఎస్‌ఎల్‌ను కొలిచేది పైనున్న ఓడీయూ. ఆ రెండిటినీ కలిపే ఐఎఫ్ కేబుల్ తడిసినా ఆ అంకె చక్కగానే కనిపిస్తుంది, చెడేది ఎంఎస్‌ఈ.

అర్ధరాత్రి నుంచి సూర్యోదయం దాకా ఆర్‌ఎస్‌ఎల్ ఊగిసలాడుతోంది, వాన లేదు, గాలి లేదు. ఇది మల్టీపాత్ ఫేడింగ్, అంటే ఒకే సిగ్నల్ వేర్వేరు దారుల్లో వచ్చి తనను తానే దెబ్బతీసుకోవడం. కోనసీమ, కృష్ణా డెల్టాల్లో నీళ్లు నిలిచిన వరి మళ్ల మీదుగా, చెరువుల మీదుగా వెళ్లే పొడవాటి 6, 7 గిగాహెర్ట్జ్ హాప్‌లలో ఇది మామూలు. పగలు వెళ్లి చూస్తే ఏమీ దొరకదు. రేడియో మార్చి ఫలితం లేదు. స్పేస్ డైవర్సిటీ (ఎత్తు తేడాతో రెండో యాంటెన్నా) పెట్టడమో, ఒక వైపు యాంటెన్నా ఎత్తు మార్చి నీటి ప్రతిఫలనాన్ని తప్పించడమో చేయాలి.

ఆర్‌ఎస్‌ఎల్ బాగుంది, ఎంఎస్‌ఈ చెడింది, కేబుల్ కూడా బాగుంది. ఇంటర్‌ఫియరెన్స్ (వేరేవాళ్ల సిగ్నల్ మన చానల్‌లోకి రావడం) అనుమానించండి, తర్వాతి అడుగుకు వెళ్లండి.

8. ఇంటర్‌ఫియరెన్స్ పరీక్ష

అవతలి ట్రాన్స్‌మిటర్‌ను మ్యూట్ చేసి ఇవతలి ఆర్‌ఎస్‌ఎల్ చూడాలి. మన సిగ్నల్ లేనప్పుడు 28 మెగాహెర్ట్జ్ చానల్‌లో సహజమైన నాయిస్ -93 దగ్గర ఉంటుంది. -75 కనిపిస్తే ఎవరి సిగ్నలో మన చానల్‌లోకి వస్తోంది. ఎండలో మన -42 దానికంటే 33 డీబీ పైన ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. వానలో మనది -60కు పడితే తేడా 15కు తగ్గుతుంది, 256 క్వామ్ నిలవదు. మార్జిన్ బాగానే ఉన్నా వానకు ముందుగానే పడిపోయే లింకుల్లో ఇది తప్పక చూడండి.

జాగ్రత్త: ఈ పరీక్షకు ట్రాఫిక్ తెగుతుంది. నాక్ (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ గది) అనుమతి తీసుకుని, రాత్రి మెయింటెనెన్స్ సమయంలోనే చేయండి. అవతలి రేడియోకు మీరు ఇదే లింక్ మీదుగా లాగిన్ అయి ఉంటే, మ్యూట్ చేసిన క్షణమే మీ దారి కూడా మూసుకుపోతుంది. టైమర్ ఉన్న మ్యూట్ మాత్రమే వాడండి, రెండు మూడు నిమిషాలకు అదే తిరిగి ఆన్ కావాలి. టైమర్ లేని రేడియో అయితే అవతలి సైట్‌లో మనిషిని ఉంచాకే మొదలుపెట్టండి.

9. సైట్‌కు వెళ్లాల్సి వస్తే

టవర్ ఎక్కేది శిక్షణ ఉన్న రిగ్గర్ మాత్రమే, హార్నెస్ రెండు కొక్కేలతో. వాన, ఉరుములు, చీకటి ఉంటే పని వాయిదా వేయండి. ఆన్‌లో ఉన్న యాంటెన్నా ముందు ఎవరూ నిలబడకూడదు. ఏ లింక్ కూడా మనిషి కంటే ముఖ్యం కాదు.

ముందు కింద నుంచే కనెక్టర్లు, ఎర్తింగ్, కేబుల్ వంపులు చూడండి. తడిసిన కనెక్టర్‌ను ఆరబెట్టి మళ్లీ బిగించకండి, కోసేసి కొత్తది వేసి, టేపును కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పైపొర కింది పొర మీదకు వస్తుంది, నీళ్లు జారిపోతాయి.

అలైన్‌మెంట్‌కు ముందు రెండు వైపులా ఏటీపీసీ ఆఫ్ చేయండి. ఇది మరచిపోతే యాంటెన్నా తిప్పుతున్న కొద్దీ అవతలి రేడియో పవర్ మారుస్తూ ఉంటుంది, మీకు శిఖరం, అంటే సిగ్నల్ అత్యధికంగా వచ్చే చోటు, ఎప్పటికీ దొరకదు. ఓడీయూ ఏజీసీ పోర్ట్‌లో (ఆర్‌ఎస్‌ఎల్‌ను వోల్టేజ్‌గా చూపించే సాకెట్) మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ చదవండి. ఎంత వోల్టేజ్‌కు ఎంత ఆర్‌ఎస్‌ఎల్లో ఆ రేడియో మాన్యువల్‌లోనే చూడండి, ఒక మోడల్ పట్టిక ఇంకో మోడల్‌కు పనికిరాదు. ఎడమ నుంచి కుడికి పూర్తిగా తిప్పితే మూడు శిఖరాలు రావాలి. మధ్యది బాగా ఎత్తుగా ఉంటుంది, అక్కడే ఆపాలి. ఒక్క శిఖరమే చూసి బిగిస్తే అది సైడ్ లోబ్ కావచ్చు. పైకి కిందికీ అలాగే చేయండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కదపండి, ఇద్దరూ ఒకేసారి తిప్పకూడదు. బోల్టులు బిగించాక ఇంకోసారి చదవండి, బిగింపులోనే ఒకటి రెండు డీబీలు కదులుతాయి.

10. బాగైందని ఎలా నిర్ధారించాలి

ఒకటో అడుగులో కట్టిన అంకెకు 2-3 డీబీల లోపు రెండు వైపులా రావాలి. ఏటీపీసీని మళ్లీ ఆన్ చేయండి. కౌంటర్లన్నీ సున్నా చేసి, ఎప్పుడు చేశారో రాసిపెట్టండి. పాత ఎర్రర్లు అలాగే ఉంటే రేపు చూసినవాళ్లు వాటిని కొత్తవనుకుంటారు.

పెద్ద సైజు ప్యాకెట్లతో పింగ్ చేయండి, చిన్న ప్యాకెట్లు చెడ్డ లింక్‌లో కూడా దాటిపోతాయి. ట్రాఫిక్ టెస్టర్ ఉంటే అత్యధిక మాడ్యులేషన్ కెపాసిటీతో గంటసేపు నడిపించండి. ఆ తర్వాత పూర్తిగా 24 గంటలు, రాత్రితో సహా. పొడి వాతావరణంలో ఎస్‌ఈఎస్, యూఏఎస్ రెండూ సున్నా ఉండాలి, అన్ని సెకన్లూ పై మాడ్యులేషన్‌లోనే గడవాలి.

కంప్లైంట్ వానకు సంబంధించినదైతే ఇంతటితో టికెట్ మూయకండి. ఒక మంచి వాన పడేదాకా తెరిచే ఉంచండి. ఆ మర్నాడు ఆ గంట తాలూకు కనిష్ఠ ఆర్‌ఎస్‌ఎల్, మాడ్యులేషన్ సెకన్లు, దగ్గరి కేంద్రంలో నమోదైన వర్షపాతం మూడూ ఒకే వరుసలో రాసి, సంతకం చేసి మూయండి.